ముంబైకి ముందు మానుకోట, భూపాలపల్లి

మంగళవారం పొద్దున ఏడుంబావుకు జనగామ స్టేషన్‌లో మహబూబాబాద్‌కు జనరల్ టికెట్ తీసుకున్నాను. అరవై అయిదు రూపాయలు. ఆదివారం నా భార్య సరితను తీసుకుని ముంబై వెళ్లాలి. ఆమెకు రొమ్ములో గడ్డ. దసరా తర్వాత హనుమకొండలో పరీక్షలు చేసిన డాక్టరు అక్కడి పెద్ద ఆసుపత్రికి రాసిచ్చాడు. ఆపరేషన్, మందులు, రేడియేషన్ కరెంటు పెట్టడం అన్నీ కలిపి ఎనిమిది నెలలు పట్టవచ్చన్నాడు. "ఇంకొంచెం ముందు రావాల్సింది" అని కూడా అన్నాడు. ఆ మాట నెల రోజులుగా చెవిలోనే ఉంది.

ఇంటి పనులు చాలావరకు అయిపోయాయి. పురుగు పడుతుందని బియ్యం పక్కింటివాళ్లకు ఇచ్చేశాం. ఫ్రిజ్ కడిగి, వాసన పట్టకుండా తలుపు తెరిచిపెట్టాం. కరెంటు బిల్లు నెలనెలా బ్యాంకులోంచే కట్టయ్యేటట్టు ఫోన్లో పెట్టాను. బస్టాండు దగ్గర నాది జిరాక్స్ దుకాణం. మూడు నెలల కిరాయి ముందే ఇచ్చి, మిషన్ మీద ప్లాస్టిక్ కవరు కప్పి, షటర్ దించాను. ఇక మిగిలినవి రెండే పనులు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నవ్యను మానుకోటలో సరిత అక్క పద్మ దగ్గర ఉంచే ఏర్పాటు చేయాలి. మహబూబాబాద్‌ను మా వైపు అందరూ మానుకోట అనే అంటారు. అక్కడి నుంచి భూపాలపల్లి వెళ్లి బ్యాంకులో ఉన్న డిపాజిట్ తీసుకురావాలి. పెళ్లయినప్పటి నుంచి అయిదేళ్ల క్రితం దాకా మా దుకాణం భూపాలపల్లిలోనే ఉండేది. అక్కడ కూడబెట్టిన మూడు లక్షలు సరిత పేరు మీద అయిదేళ్లకు వేశాం. వారం క్రితమే గడువు తీరింది.

రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కాజీపేట దాకా నిలబడ్డాను. తర్వాత దంతాలపల్లికి చెందిన ఒక పెద్దాయన జరిగి చోటిచ్చాడు. హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్ చేయించుకుని ఊరికి పోతున్నాడట. నల్ల అద్దాలు పెట్టుకున్నాడు. మాటల్లో ఎనిమిది నెలల వైద్యం సంగతి చెప్పాను.

"ఎనిమిది నెలలా! ఇల్లు ఊకె మూసిపెడితె పాడైతది బిడ్డా. వారానికోపారి ఎవలనన్న తలుపులు తెరువుమను" అన్నాడు. "పానం బాగలేంది ఎవలకు?" అని అడిగాడు.

"నా భార్యకు."

ఆయన లేచి, కిటికీ పక్కన ఉన్న తన సీటులోకి నన్ను జరగమన్నాడు. వరంగల్ దాటాక పత్తి చేలు వచ్చాయి. మొన్నటి వానకు తడిసిన పత్తి చెట్ల మీదే నల్లబడి వేలాడుతోంది.

పదిన్నరకు మానుకోటలో దిగాను. స్టేషన్ నుంచి పద్మ వదిన ఇంటికి ఆటోలో ముప్పై రూపాయలు. వదిన అంగన్‌వాడీలో టీచరు. సెలవు పెట్టి నాకోసం కూర్చుంది. మధ్యాహ్నం ఇద్దరం బడికి వెళ్లి హెడ్మాస్టరును కలిశాం. టీసీ తెస్తే సోమవారమే చేర్చుకుంటానన్నాడు. పని ఇంత తేలికగా అవుతుందనుకోలేదు.

ఇంటికి వచ్చాక వదిన నవ్య కోసం సర్దిన గది చూపించింది. ఇనుప మంచం, గోడకు కొత్త రంగు, కిటికీ దగ్గర చదువుకునే టేబుల్. టేబుల్ మీద అట్టలు వేసిన నోటు పుస్తకాలు కూడా ఉన్నాయి.

"ఇయ్యన్ని ఎప్పుడు కొన్నరు వదినా? మేము చెప్పి పదిరోజులు గూడ కాలేదు గదా."

"టేబుల్ బోనాలప్పుడే..." అని ఆగిపోయింది.

బోనాలు ఆషాఢంలో. నాకు గడ్డ సంగతి తెలిసింది దసరా తర్వాత. లెక్క వేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అప్పటికే మీకు తెలుసా?"

వదిన మంచం మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాతోని ఒట్టు పెట్టించుకున్నది మరిదీ. కార్తీకంల బ్యాంకు పైసలు అస్తయట. నడుమల తీస్తె మిత్తి పోతదట. అప్పటిదాక నీకు చెప్పొద్దన్నది. నేను ఎంత మొత్తుకున్ననో నాకు ఎరుక. వినలే."

ఆమె మీద అరవాలనిపించింది, కానీ గదిలోంచి బయటికి వచ్చేశాను. రాత్రికి జొన్న రొట్టె, పప్పు పెట్టింది. ఒక్క రొట్టె తిని పడుకున్నాను. సరిత ఫోన్ చేస్తే పని అయిందని మాత్రం చెప్పి పెట్టేశాను.

బుధవారం ఆరున్నర రైలుకు వరంగల్ వచ్చి, ఆటోలో హనుమకొండ బస్టాండు చేరేసరికి ఎనిమిదిన్నర. రెండు ఇడ్లీ ముప్పై రూపాయలు. తొమ్మిదింటి భూపాలపల్లి ఎక్స్‌ప్రెస్ కిటకిటలాడుతోంది. నాకు నూట ఇరవై రూపాయల టికెట్ కొట్టి, పక్కన కూర్చున్న అవ్వ ఆధార్ కార్డు చూసి కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత సున్నా టికెట్ ఇచ్చాడు. ఆమెది మహదేవపూర్ మండలం. ఒళ్లో మందుల సంచి ఉంది. నెలనెలా హనుమకొండ దవాఖానకు ఒక్కతే వచ్చి, రాత్రి అక్కడే పడుకుని, పొద్దున పోతుందట.

"తోడు ఎవరూ రారా అవ్వా?"

"నాతోటి ఎవలస్తరు బిడ్డా, ఆళ్ల కూలి కైకిలి పోదా? ఒక్కదాన్నే అయితె ఏడ్సినా ఎవలు సూడరు" అని నవ్వింది.

పరకాల, రేగొండ దాటి భూపాలపల్లిలో దిగేసరికి పదకొండుంబావు. బొగ్గు లారీల దుమ్ము అలాగే ఉంది. మా పాత దుకాణం ఉన్నచోట ఇప్పుడు మొబైల్ షాపు. చూస్తూ నిలబడే ఓపిక లేక నేరుగా బ్యాంకుకు వెళ్లాను.

కౌంటర్లో ఒక అమ్మాయి ఉంది. సరిత రాలేదు కాబట్టి ఆమెతో సంతకం చేయించి తెచ్చిన కాగితాన్ని, రెండు ఆధార్ కార్డుల నకళ్లను ముందు పెట్టాను. ఆమె కంప్యూటర్ చూసి కాగితం వెనక్కి ఇచ్చేసింది.

"ఇది అక్కర్లేదు సార్. డిపాజిట్ ఇద్దరి పేర్ల మీద ఉంది. ఎవరొచ్చినా తీసుకోవచ్చు."

"ఇద్దరి పేర్ల మీదనా? ఎప్పుడు మార్చారు?"

"జూలైలో. మేడమే వచ్చి ఫారం తీసుకపోయింది. వారం తర్వాత మీ సంతకంతోని తెచ్చిచ్చింది. నేనే తీసుకున్న." ఫైలు తెచ్చి చూపించింది. నా సంతకమే. గ్యాస్ కనెక్షన్ కాగితమని సరిత చెప్పింది. దుకాణంలో రద్దీగా ఉంటే చూడకుండా గీకేశాను. రోజూ ఊరందరి ఫారాలు చదివి నింపి పెట్టే మనిషిని నేను.

అసలు అడగాల్సింది ఇంకొకటి ఉంది. "జూలైలోనే తీసేస్తే వడ్డీలో ఎంత నష్టం వచ్చేది?"

"మేడం గూడ గదే అడిగింది సార్." లెక్క కట్టి చూసింది. "మూడు వేల చిల్లర."

డబ్బు నా ఖాతాలో పడ్డట్టు ఫోన్లో మెసేజ్ వచ్చింది. బయటికొచ్చి మెస్సులో వంద రూపాయల భోజనం ముందు కూర్చున్నాను. అన్నం కలిపాను గాని తినలేదు. మూడు వేలు. నాలుగు నెలలు. మా దుకాణంలో మిషన్‌కు పౌడరు మార్చడానికే అంతకంటే ఎక్కువ అవుతుంది. సరితను చేతులు పట్టుకుని ఊపి అడగాలనిపించింది. కోపమో ఏడుపో తెలియలేదు.

మధ్యాహ్నం రెండింటి బస్సు ఎక్కితే నాలుగున్నరకు హనుమకొండ. దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఏమీ గుర్తులేదు. ఆమె ఇదే దారిలో రెండుసార్లు వచ్చింది. అక్క దగ్గరికని నాతో చెప్పి, ఒక్కతే కూర్చుని, ఒంట్లో ఆ గడ్డ పెట్టుకుని వచ్చింది. నాకు తెలియకుండా, తను లేకపోతే నాకు కావలసినవన్నీ సర్దిపెట్టింది. నేను ముంబై ప్రయాణానికి సిద్ధమవుతుంటే, ఆమె ఆషాఢంలోనే ఇంకో ప్రయాణానికి సిద్ధమైంది.

జనగామ బస్సు కదిలాక ఫోన్ చేశాను.

"సరితా, నేను బ్యాంకుల అడిగిన. మూడు వేల కోసం నాలుగు నెలలు ఆగినవా?"

అటువైపు తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది.

"మూడు వేలకు కాదు" అంది. "గది అక్కకు జెప్పిన సాకు. నాకు జెప్పుకున్న సాకు. నాకు భయమైంది."

"నాకు చెప్తె అయిపోతుండె గదా."

"నీకు జెప్తె గది నిజమైతది. చెప్పకుంటె ఇంట్ల అందరు మంచిగనె ఉన్నరు, నవ్య నవ్వుతాంది, నువ్వు దుకాణం పోతున్నవ్. ఇంకో నెల, ఇంకో నెల అనుకున్న. కాయిదాలు మాత్రం సక్కగ వెట్టిన. గవి పెట్టేటప్పుడు భయం కాకపోయేది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. బస్సు కాజీపేట వంతెన దిగుతోంది.

"నీకు భయమైతలేదా?" అని అడిగింది.

నెల రోజులుగా ఆమెకు ధైర్యం చెబుతూ వచ్చాను. ఏం కాదు, అందరికీ తగ్గుతోంది, డాక్టర్లు పెద్దవాళ్లు అని. ఆ మాటలేవీ ఇప్పుడు చెప్పలేదు.

"అయితాంది. మస్తు అయితాంది."

"గిది ముందుగాల చెప్పద్దా" అంది. ఏడుస్తోంది.

నెలల తరబడి ఇల్లు విడిచి వెళ్లేవాళ్లు చేయాల్సిన పనులను ఇన్నేళ్లూ దుకాణంలో ఎందరికో చెప్పాను. నామినీ పేరు, బిల్లులు, తాళాలు. అవన్నీ రెండు రోజుల్లో, అయిదారు వందల ఖర్చుతో అయిపోతాయి. నాకూ అయ్యాయి. ఇంట్లో మనిషి మనసులో ఏముందో అడగడం మాత్రం ఆ జాబితాలో ఎప్పుడూ రాసుకోలేదు. ఆ నాలుగు నెలలను ముంబైలో ఏ డాక్టరూ తిరిగి ఇవ్వలేడు. ఏమవుతుందో నాకు తెలియదు.

స్టేషన్ ఘన్‌పూర్ దాటాక మా దగ్గర మాటలు అయిపోయాయి. ఆమె ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. అటువైపు కుక్కర్ కూత, నవ్య ఏదో అడగడం, సరిత ముక్కు చీదుకోవడం వినిపిస్తూనే ఉన్నాయి. జనగామలో దిగేదాకా అలా వింటూ కూర్చున్నాను.