అత్త అంగడికి నేను పెట్టిన పేరు

ఈమధ్య మా వీధిలో ఒక అమ్మాయి ఇంట్లోనే కేకులు చేసి అమ్మడం మొదలుపెడుతూ, దానికి ఏ పేరు బాగుంటుందో చెప్పమని వీధిలోని ఆడవాళ్లందరి ఫోన్లకూ నాలుగు పేర్లు పంపింది. నచ్చిన పేరు మీద వేలు పెట్టి నొక్కితే చాలట. పొద్దున పంపితే మధ్యాహ్నానికల్లా పేరు తేలిపోయింది. నొక్కనిది నేనొక్కదాన్నే. పుస్తకాలు చదివే ఆంటీవి నువ్వే పట్టించుకోకుంటే ఎట్లా అని ఆ అమ్మాయి నిష్ఠూరమాడితే నవ్వి ఊరుకున్నాను. అంగడికి పేరు పెట్టే విషయంలో నేను జీవితంలో ఒకే ఒక్కసారి నోరు తెరిచానని ఆమెకు చెప్పి లాభం లేదు. రేకు బోర్డు మీద కుంచెతో అక్షరాలు దిద్దుతుంటే నిలబడి చూసిన వయసువాళ్లకైతే చెప్పుకోవచ్చు.

తొంభైల చివరి మాట. మాది పుంగనూరు. నేను మదనపల్లెలో డిగ్రీ చదువుతూ రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. నలుగురున్న చోట నా గొంతు నాకే వినిపించేది కాదు. లైబ్రరీ పుస్తకాలను క్లాసు పుస్తకాల మధ్య దాచుకుని చదవడం, చెప్పలేని మాటలన్నీ డైరీలో రాసుకోవడం, అంతే నా లోకం. ఇంట్లో నాకు దగ్గరి మనిషి మా అత్త, అంటే నాన్నకు చెల్లెలు. ఆమెను కుప్పంలో ఇచ్చారు. మామ జబ్బుచేసి పోయాక పుంగనూరికి, మా ఇంటికి వచ్చేసింది. కానీ కూతురిని మాత్రం కుప్పం తాత, అంటే అత్తకు మామగారు, పంపలేదు. మగదిక్కు లేని చోట తన కొడుకు బిడ్డ పెరగకూడదన్నది ఆయన మాట. ఈ ఇంట్లో మీ అన్న మగాడు కాడా అని మా అమ్మ వంటింట్లో గొణిగేది కానీ ఆయన ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. ఎండాకాలం సెలవుల్లో, దసరా సెలవుల్లో ఆ పిల్ల వచ్చేది. తక్కిన రోజులన్నీ అత్తకు ఆ సెలవుల కోసం ఎదురుచూడటంతోనే సరిపోయేది.

అత్త చేతిలో పాలకోవా అద్భుతంగా కుదిరేది. మా ఊళ్లో పాలకు కొదవ లేదు. పొయ్యి మీద వెడల్పాటి బాణలి పెట్టి, అడుగంటకుండా గంటలకొద్దీ కలియబెడుతూ, పాలు ఇసుకలా రవ్వగట్టే ఆ ఒక్క క్షణం కనిపెట్టి చక్కెర వేసేది. ఆ క్షణం ఎట్లా తెలుస్తుందని అడిగితే, గరిటె బరువు చెబుతుందనేది. మొదట చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అడిగి చేయించుకున్నారు, తర్వాత పెళ్లిళ్లవాళ్లు వచ్చారు, చివరికి బస్టాండు దగ్గర ఒక చిన్న గది దొరికితే అంగడే పెట్టేద్దామన్నాడు నాన్న. అంతవరకూ అందరూ ఒక్క మాట మీదే ఉన్నారు. పేరు దగ్గరికి వచ్చేసరికి ఇల్లు ఇల్లంతా వేడెక్కింది.

అమ్మ ఊరి గంగమ్మ పేరు పెట్టాలంది. జాతకం చూసే ఆయన ఒక అక్షరం చెప్పి, దానితో మొదలయ్యే పేరు కాకుంటే తనకు సంబంధం లేదన్నాడు. పాలు పోయడానికి వచ్చేవాడు గడపలో కూర్చుని రెండు రోజులు ఈ గొడవంతా విని, మూడో రోజు చెంబు కడుగుతూ అన్నాడు.

"ఇంత తంటా యాలమ్మా, పాలిచ్చేది మా ఆవు. దాని పేరు పెట్టండి, అదేమీ అడ్డం చెప్పదు."

అందరూ నవ్వారు, అత్త కూడా నవ్వింది. కానీ అత్తను మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె కోవా కలుపుతూనే ఉంది, మేము పేర్లు వెదుకుతూనే ఉన్నాము.

చివరికి నాన్న తేల్చాడు. చనిపోయిన మా మామ పేరే అంగడికి పెడదామన్నాడు. దానికో కారణం ఉంది. కొడుకు పేరు పదిమందికీ కనబడేట్టు బోర్డు మీద చూస్తే కుప్పం తాత మనసు కరుగుతుంది, అప్పుడు జూన్‌లో పిల్లను పుంగనూరు బడిలో చేర్చుకుంటామని అడగవచ్చు. ఈ మాట విని అత్త తలూపింది. నాన్న అప్పటికప్పుడు కుప్పానికి ఉత్తరం రాశాడు, మీ అబ్బాయి పేరు పెడుతున్నాము, బోర్డు మీ చేతుల మీదుగానే తెరవాలని. ఆయన వస్తానని జవాబు రాశాడు. నాలుగేళ్లలో ఆ ఇంటినుంచి మాకు వచ్చిన మొదటి మంచి మాట అది.

నాకు మాత్రం కడుపులో మండింది. పొయ్యి సెగకు కందిపోయే చేతులు అత్తవి, బోర్డు మీదికి ఎక్కే పేరు ఇంకొకరిదా అని డైరీలో నాలుగు పేజీలు రాశాను. అప్పటికి నేను చదివిన పుస్తకాలన్నీ నా వెనక నిలబడి తలూపుతున్నట్టే ఉండేది. అత్త తలూపడాన్ని నేను భయమనుకున్నాను.

రోజూ మదనపల్లె పోయేదాన్ని కాబట్టి పేరు రాసిన చీటీ నాన్న నా చేతికే ఇచ్చాడు. ఇంకెవరికైనా ఇస్తే దారిలో తమ తెలివి కలుపుతారు, ఇదైతే నోరు మెదపదు అని నా ముందే అమ్మతో అన్నాడు.

బోర్డులు రాసే ఆయన ఒక సందులో, రేకు పందిలి కింద, నేల మీద గొంతుకూర్చుని పని చేస్తున్నాడు. చీటీ చదివి, సుద్దదారంతో రేకు మీద గీతలు కొట్టుకుని, తలెత్తకుండానే అడిగాడు.

"అంగడి పేరు సరే. యజమాని ఎవరమ్మా? కింద ప్రొప్రైటరు పేరు రాయాల గదా."

మా అత్త అన్నాను.

"మీ అత్తకు పేరు లేదా?"

చెప్పాను. బయటివాళ్ల ముందు ఆ పేరు పలకడం నాకు అదే మొదటిసారేమో.

"మరి చీటీలో ఉండే ఈయన ఎవరు?"

"మామ. చనిపోయారు."

ఆయన కుంచె డబ్బాలో ముంచి, అంచుకు రాసి, చీటీ వైపు ఇంకోసారి చూశాడు. "కోవా చేసేది ఆయమ్మ, పేరేమో ఆయనదా. సరే, నాకేముంది, రాయమంటే రాస్తా" అన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. కానీ ఎవరో వచ్చి ఆ మాట అనేదాకా కాచుకుని ఉన్నట్టు, నా నోటినుంచి మాట దూకింది. ఆ పేరు వద్దు, అత్త పేరే పెద్దగా రాయండి అన్నాను. నాన్న ముందు, అమ్మ ముందు ఎన్నడూ పెగలని గొంతు ముక్కూమొహం తెలియని మనిషి ముందు అంత స్పష్టంగా ఎట్లా పలికిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన రెండో మాట అడగలేదు. చీటీని మడిచి డబ్బా కింద పెట్టాడు.

ఆ సాయంత్రం బస్సులో పుంగనూరు దగ్గర పడేకొద్దీ చేసిన పని ఏమిటో తెలిసివచ్చింది. ప్రారంభానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. దిద్దుకోవడానికి వ్యవధి ఉంది. మరునాడు కాలేజీ ఎగ్గొట్టి ఆ సందులోకి పోయాను. అప్పటికి అక్షరాలు పూర్తయ్యాయి. ఎర్రటి అక్షరాలు, వాటికి పసుపుపచ్చ నీడ, మొదటి అక్షరం కింద సన్నటి తీగ. అత్త పేరు అంత అందంగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. చెరపమని చెప్పడానికి పోయినదాన్ని బాగుందని చెప్పి వచ్చేశాను.

బోర్డును పాత పేపర్లలో చుట్టి, పురికొసతో కట్టి, బస్సు మీద వేసి పంపారు. నాన్న విప్పబోతే, ముహూర్తానికి ముందు చూడకూడదని అమ్మ చెయ్యి పట్టుకుంది. అది వసారాలో గోడకు చేరేసి ఉన్న రెండు రోజులూ దాని పక్కగా పోకుండా పెరటి దారినే తిరిగాను. అత్తకు చెప్పేద్దామని ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె నా మొహం చూడకుండానే మొదలుపెట్టింది.

"తాత సరేనంటే జూన్‌లో పిల్లను ఈడ బడిలో చేరుస్తానమ్మీ. తొమ్మిదో తరగతి. దానికి ఇంగ్లీషు నువ్వే చెప్పాల, ఏం? నీ మంచం పక్కనే దాని మంచం వేస్తా. ఇద్దరూ పుస్తకాలు పట్టుకుని కూచుంటే ఇంక నాతో మాట్లాడేవాళ్లు ఎవరుంటారో సూడాల."

ఆమె నవ్వుతోంది. నేను లేచి వచ్చేశాను. ఆ రోజు డైరీలో ఒక పేజీ రాసి చించేశాను. ఏం రాశానో గుర్తులేదు, చించిన చప్పుడు గుర్తుంది.

ప్రారంభం రోజున కుప్పం తాత మొదటి బస్సుకే వచ్చాడు. తెల్లటి పంచె, భుజాన మడత నలగని కండువా. ఎప్పుడూ బిగించుకుని ఉండే మనిషి ఆ రోజు మెత్తగా ఉన్నాడు. నాన్న చెయ్యి పట్టుకుని, నా కొడుకును మీరు మరిచిపోలేదప్పా అన్నాడు. ఆ మాట విన్న తర్వాత నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అంతవరకూ నా లెక్కలో ఆయన అత్త బిడ్డను పట్టి ఉంచుకున్న ముసలాయన. ఆయన ఒక తండ్రి అన్న సంగతి నాలుగు పేజీల డైరీలో ఒక్క చోట కూడా రాయలేదు నేను.

పూజ అయింది. నిచ్చెన మీద మనిషి తాడు విప్పి కొస ఆయన చేతికిచ్చాడు. ఆయన లాగాడు. పేపర్లు జారి కింద పడ్డాయి.

ఆయనకు చదువు తక్కువ. ఏది కనిపించినా అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివే అలవాటు. అట్లాగే చదవడం మొదలుపెట్టాడు. అత్త కాపురానికి పోయిన నాటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు, 'పుంగనూరుపిల్ల' అనేవారు. పదిహేనేళ్లలో మొదటిసారి కోడలి పేరు ఆయన నోట, బజారులో, అందరి ముందూ వచ్చింది. చివరి అక్షరం దగ్గర గానీ తాను చదువుతున్నది ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. అక్కడ ఆగిపోయాడు. ఇంకా కింద ఏమైనా ఉందేమోనని బోర్డంతా వెదికాడు. కొడుకు పేరు ఎక్కడా లేదు.

నాన్న నావైపు తిరిగాడు. నేను నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు అత్త ముందుకు వచ్చింది.

"నేనే రాయించినా మామా. అన్నకు తెలీదు."

తాత కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. కండువా భుజం మీద సర్దుకున్నాడు.

"నీ అంగడి, నీ ఇష్టమమ్మా. నా కొడుకు పేరు నా ఇంట్లోనే ఉండనీ. వాని బిడ్డ గూడా ఆడనే ఉండనీ."

మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లి బస్సెక్కాడు. బోర్డు దింపించి వేరే రాయిస్తానన్నాడు నాన్న. వద్దంది అత్త. వచ్చినవాళ్లు కాచుకుని ఉన్నారని లోపలికి పోయి పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు కోవా మధ్యాహ్నానికే అయిపోయింది.

సాయంత్రం ఆమె బాణలి తోముతుంటే పోయి పక్కన కూర్చుని ఏడ్చాను. నీకు మంచి చేద్దామనుకున్నానత్తా అన్నాను. తెలుసులేమ్మీ అంది. చాలాసేపు బూడిదతో రుద్దుతూనే ఉంది.

"మీ నాయన మీ మామ పేరు రాసిచ్చినాడు, నన్ను అడగలా. నువ్వు నా పేరు రాయించినావు, నువ్వూ అడగలా. భయపడి తలూపినా అనుకుంటివా? బిడ్డ కోసరం ఊపినా."

అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాన్న కూడా అడగలేదు, కానీ ఆ తర్వాత నా చేతికి ఏ చీటీ ఇవ్వలేదు.

ఆ జూన్‌లో పిల్ల రాలేదు. దసరాకూ రాలేదు. రెండేళ్లకు, మదనపల్లెలో ఇంటర్ చేరడానికి వచ్చింది. అప్పటికి మనిషి పొడుగై, గొంతు మారి, కంచంలో అత్త ఇంకో ముద్ద వేయబోతే చాలమ్మా, చాలమ్మా అని చుట్టం మాదిరి చెయ్యి అడ్డం పెట్టేది. ఆ చెయ్యి అడ్డం వచ్చినప్పుడల్లా నేను తలవంచుకుని తినేదాన్ని. అంగడి మాత్రం బాగా నడిచింది. పెళ్లిళ్లకు కలికిరి నుంచి కూడా వచ్చి చెప్పిపోయేవారు, అత్త పేరు చెప్పి దారి అడిగేవారు.

రెండువేల సంవత్సరం దాటాక కుప్పంలో ఒక బడిలో రెండేళ్లు పాఠాలు చెప్పాను. తాత ఇల్లు నేను నడిచే దారిలోనే ఉండేది. పోయి, అది రాయించింది మీ కోడలు కాదు, నేనని చెప్పాలని, పుంగనూరు నుంచి వచ్చి బస్సు దిగే ప్రతి సోమవారం అనుకునేదాన్ని. అరుగు మీద ఆయన కనబడేవాడు. నేను గొడుగు కాస్త కిందికి వంచుకుని దాటిపోయేదాన్ని. సెలవుల తర్వాత ఒక సోమవారం అరుగు ఖాళీగా ఉంది. మా ఇంటికి కబురు పంపకుండానే దినకర్మలు కూడా అయిపోయాయని పక్కింటివాళ్లు చెప్పారు.

ఇప్పుడు మదనపల్లె బజారులో నడిస్తే ఎన్ని బోర్డుల మీద ఆడవాళ్ల పేర్లు, పక్కనే ఫొటోలు కూడా. ఎవరూ నిలబడి చదవరు, ఎవరూ నొచ్చుకోరు. కుంచెలు పోయాయి, బోర్డు గంటలో అచ్చయి వస్తుంది, నచ్చకుంటే రేపు ఇంకొకటి. చూస్తే సంతోషంగానే ఉంటుంది. ఒక పేరు కోసం ఇల్లంతా నెల రోజులు తిండి మాని వాదులాడుకున్న కాలం పోయిందే అని ఎక్కడో కాస్త దిగులుగానూ ఉంటుంది. ఆ వాదులాటలో ఒక్కరైనా పొయ్యి దగ్గరికి వచ్చి ఒక్క మాట అడిగి ఉంటే, ఆ దిగులుకు ఇంకో రుచి ఉండేది.

ఇదంతా రాసుకుంటానని ఈమధ్య అత్తకు చెప్పాను, పేరు కూడా రాయనా అని అడిగాను. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. రాసుకో, పేరు మాత్రం వద్దమ్మీ అంది.

సరేనన్నాను.