వెన్నెముక యంత్రానికి నేను పెట్టిన బొట్లు

అమలాపురంలో నేనొక యంత్రాన్ని గుడ్డిదాన్ని చేశాను. చదివి నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. వెన్నెముకలో స్క్రూ బిగించేటప్పుడు అది ఎటు పోతోందో డాక్టరుకి తెర మీద చూపించే యంత్రం ఒకటి వచ్చింది. దాన్ని అమ్మే కంపెనీలో చేరాను. పనిముట్లకి వెండిరంగు గోళీలుంటాయి. ఎదురుగా స్టాండు మీదున్న రెండు కళ్ళ కెమెరా ఆ గోళీల్ని చూసి, పనిముట్టు ఎక్కడుందో లెక్కగడుతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం?

ఎముకల డాక్టర్ల ముందు ప్లాస్టిక్ వెన్నెముక మీద డెమో. బాగా జరిగితే నా ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే రాజోలు బస్సెక్కి ఇంటికి. మేనేజరుగారు అన్నీ బిగించి, పరీక్షించి, నన్ను కాపలా పెట్టి స్నానానికని లాడ్జికి వెళ్లారు. సరిగ్గా అప్పుడే మా పిన్ని నా గొప్పతనం చూద్దామని పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చింది.

"బొట్టెట్టకుండానే స్విచ్చేసేత్తారేంట్రా? మొన్న మీ బాబాయి బోరు మోటారుకే పెట్టేం" అంది.

నాకూ సబబుగానే తోచింది. ఇక పిసినారితనం దేనికి? గోళీకో బొట్టు చొప్పున అన్నింటికీ పెట్టాను. కెమెరాకి రెండు కళ్ళూ నిండుగా పసుపు రాసి, మధ్యలో రూపాయి కాసంత కుంకుమ దిద్దాను. ఇప్పుడు కళొచ్చిందని పిన్ని దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయింది.

మేనేజరుగారు డాక్టర్లతో కలిసి హడావిడిగా వచ్చి, తెర బాగా కనబడాలని లైట్లార్పించి, నేరుగా మైకందుకున్నారు. మనిషి కన్ను చూడలేనిది ఇది చూస్తుందని పావుగంట ఊదరగొట్టి పనిముట్టు ఎత్తారు. తెర మీద ఎర్రక్షరాలు: ఏమీ కనబడటం లేదట. ఆయన వైర్లు కదిపారు, ఆపి మళ్ళీ వేశారు, చెమట తుడుచుకున్నారు. నాకప్పటికే అర్థమైపోయింది. మెల్లిగా తలుపు వైపు జరిగాను.

ముందు వరసలోంచి ఒక పెద్ద డాక్టరుగారు లేచి, లైట్లేయించి, కళ్ళజోడు సవరించుకుని కెమెరాలోకి తొంగిచూశారు.

"ఆయ్, మిషను మంచిదేనండి. ఎవరో దీని కళ్ళల్లో కుంకం కొట్టేరు, పాపం."

హాలంతా గొల్లుమంది. మేనేజరుగారు ఎర్రగా ఉన్న నా వేళ్ళ వంక చూశారు. నేనేనండి అని ఒప్పుకున్నాను. ఆయన తన జేబురుమాలు తీసి నా చేతిలో పెట్టారు. తిట్టినా బాగుండేది.

గోళీలు మార్చి, కెమెరా కళ్ళు తుడిచాక యంత్రం బుద్ధిగా పనిచేసింది. నా పని మాత్రం అయిపోయిందనుకుని సంచీ సర్దుకుంటుంటే, ఆ డాక్టరుగారే మేనేజరుగారి దగ్గరికి వచ్చారు.

"మేం తీసుకుంటామండి. కాపోతే మా ఆసుపత్రిలోకి బొట్టు లేకుండా ఏ మిషనూ రాదు. ఎక్కడ పెట్టాలో చూపించడానికి ఈ అబ్బాయినే పంపండి. ఎక్కడ పెట్టకూడదో ఇతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదండి."

అలా నా ఉద్యోగం పర్మనెంటయింది.

ఇందుమూలంగా పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంతటి యంత్రానికైనా సరే, నేను బొట్టు పెట్టేది వీపుకే.