శనివారం తెరుచుకునే తలుపు

పిల్లలు హాస్టల్ నుంచి పారిపోయేది శనివారం సాయంత్రమో, ఆదివారం పొద్దుననో. ధరూర్ మండలంలోని ఆ ఊళ్లో విద్యా వలంటీరుగా చేరిన మొదటి ఏడాదే హెప్సిబా ఈ సంగతి కనిపెట్టింది. బడి ఉన్నన్నాళ్లు ఏడుస్తూనైనా కూర్చుంటారు. బడి లేని పూట అమ్మ గుర్తొస్తుంది. గద్వాల బస్టాండు దాకా నడిచిపోయి పుణె బస్సు ఏదని అడిగిన పిల్లలున్నారు. పుణె అంటే ధరూర్ పక్క ఊరనుకున్నారు పాపం.

అది వలస పోయేవాళ్ల పిల్లల హాస్టల్. దసరా దాటాక మేస్త్రి లారీ వస్తుంది. తట్టా పారా, వంటగిన్నెలు, ముసలీ ముతకా అంతా ఎక్కి గోవాకో పుణెకో కాలువలు తవ్వడానికి పోతారు. మళ్లీ ఉగాది ముందరే రావడం. పిల్లలు వెంటపోతే చదువు ఆ గుంతల్లోనే పూడిపోతుందని సర్కారు వాళ్లకోసం బడిలోనే రెండు గదులిచ్చి, వండిపెట్టే మనిషిని పెట్టింది. శనివారాలకు విరుగుడు మాత్రం సర్కారు దగ్గర లేదు.

హెప్సిబాకు ఈ గుంతలు కొత్త కాదు. ఆమె తండ్రి యేసయ్య కూడా లారీ ఎక్కినవాడే. తల్లి మట్టి మోస్తుంటే తమ్ముణ్ని చంకనేసుకుని గట్టున కూర్చున్న పిల్ల హెప్సిబా. తోటిపిల్లలు మూడో తరగతికొచ్చే నాటికి ఆమె అక్షరాలే మరిచిపోయింది. తర్వాత మిషన్ హాస్టల్ వాళ్లు తీసుకున్నారు కాబట్టి బతికిపోయింది. అందుకే పారిపోయిన పిల్ల గురించి ఎవరైనా "పోతే పోయింది తీయ్" అంటే ఆమెకు ఒళ్లు మండేది.

బడిలో ఒక కంప్యూటర్ ఉండేది. హెడ్మాస్టరు రామచంద్రయ్య సారు దానికి ఏటా దసరాకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ గుడ్డ కప్పేవారు. ఆన్ చేస్తే చెడిపోతుందని ఆయన భయం. రెండువేల ఏడులో హెప్సిబా ఆయన్ను బతిమాలి, బామాలి ఆ గుడ్డ తీయించింది. గద్వాలలో కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో ఇన్‌స్టిట్యూట్ నడిపే రాఘవేందర్ అన్న ఒక విదేశీ ఆట తెచ్చేవాడు. తుపాకులూ కార్ల పందేలూ కాదు. తెరమీద ఒక ఇల్లో, వీధో కనిపిస్తుంది. ఏ వస్తువు మీద నొక్కాలో మనమే ఆలోచించి నొక్కాలి. సరిగ్గా నొక్కితే కథ ముందుకు పోతుంది. ఆ ఆట ఒక్కసారే రాదు, భాగాలుగా వస్తుంది. ఒక భాగం ముగిసి రెండోది వచ్చేదాకా హెప్సిబాకు అన్నం సయించేది కాదు. ఆ తహతహను శనివారానికి కట్టేస్తే పిల్లలు ఆగుతారు కదా అని ఆమె ఆశ. కొండకు వెంట్రుక వేసి లాగినట్టే. వస్తే కొండ, పోతే వెంట్రుక.

మీటింగుల్లో బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేరుతోనే ఆట కట్టింది. రాఘవేందర్ అన్న కెమెరా అడిగి తెచ్చి ఊళ్లోని ఇళ్లే ఫోటోలు తీసింది. కథ చిన్నది. ఒక పిల్ల పెంచుకునే మేక తప్పిపోయింది, వెతకాలి. వారానికొక భాగం.

ఇదంతా పిల్లలందరి కోసమే అయినా, ఆ ఏడు హెప్సిబా కళ్లు ఎప్పుడూ ఒకే పిల్లమీద ఉండేవి. పేరు జమ్ములమ్మ, అందరూ జములు అంటారు. ఐదో తరగతి. లెక్క చెప్పబోతే సగంలోనే జవాబు చెప్పేసేది. తండ్రి మాసయ్య మొదటి లారీలోనే పోయాడు. తల్లి హన్మమ్మ కాన్పుకు అలంపూర్ దగ్గరి పుట్టింటికి పోయి మగపిల్లవాణ్ని కన్నది. పచ్చి బాలింతరాలు కాబట్టి ఆగింది కానీ, రెండో లారీలో పోవడం ఖాయం. చంటివాణ్ని ఎత్తుకోవడానికి జమ్ములమ్మను తీసుకుపోతానని ముందే చెప్పింది. పోతే ఏమవుతుందో హెప్సిబాకు ఒకరు చెప్పనక్కరలేదు.

మొదటి శనివారం ఆట నవ్వులపాలైంది. ఇంటికి తాళం వేసి ఉంది, తాళంచెవి వెతకాలి. హెప్సిబా ఎంతో ఆలోచించి దాన్ని చూరులో పెట్టింది.

"చూరుల ఉంటది టీచర్. ఇంకేడుంటది?" అన్నది జమ్ములమ్మ తెర సరిగ్గా వెలగకముందే.

ఊళ్లో అందరి తాళంచెవులూ అక్కడే ఉంటాయి మరి. ఆట అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టయింది. పిల్లలు కిలకిలా నవ్వి బయటికి పరుగెత్తారు. మర్నాడు పొద్దున ఇద్దరు కనబడలేదు. సాయంత్రానికి గద్వాలలో దొరికారు.

ఈసారి చుక్కలు చూపిస్తానని పంతం పట్టింది హెప్సిబా. రెండో భాగంలో ఒక గొర్ల కాపరి తాత ఉంటాడు. "సంగటిల ఉప్పు లేదు బిడ్డా. ఉప్పు తెస్తే నీ మేక ఎటు పోయిందో చెప్త" అంటాడు. పక్కింటి అవ్వ వంటింట్లో ఉప్పు కుండ ఉంది. దానిమీద నొక్కితే చాలు. నిజానికి అదీ తేలికే, కుండ తెరమీద గుమ్మడికాయంత కనిపిస్తుంటే. కానీ పిల్లలు పొయ్యి నొక్కారు, రోకలి నొక్కారు, ఉట్టి నొక్కారు, మూలనున్న పిల్లిని నొక్కారు. ఉప్పు కుండ జోలికి ఒక్కరూ పోలేదు. జమ్ములమ్మ చివరిదాకా కూర్చుంది. ఆఖరుకు మౌస్ పక్కకు నెట్టేసి "నాకు రాదు టీచర్" అని లేచిపోయింది. లెక్కల్లో ఎన్నడూ ఆ మాట అనని పిల్ల.

మర్నాడు గద్వాల చర్చికి బయల్దేరిన హెప్సిబాకు బడి గోడమీద జమ్ములమ్మ కనిపించింది. ఒళ్లో బట్టల మూట. చర్చి సంగతి మరిచి హెప్సిబా కూడా గోడెక్కి కూర్చుంది.

"యాడికి జములూ?"

"అమ్మ దగ్గరికి."

"రాత్రి ఆట రాలేదనా?"

జమ్ములమ్మ గింజుకుంది. "ఆట తప్పు టీచర్. ఉప్పు గావాలని నాకు ఎరుకే. కానీ గూట్ల దీపం ముట్టిచ్చిన్రు గద. దీపాలు పెట్టినంక ఉప్పు ఎవలన్న ఇస్తరా? అడిగితే అవ్వ తిట్టదా?"

హెప్సిబాకు ఆ ఫోటో గుర్తొచ్చింది. కెమెరా చేతికి అందింది సాయంత్రం. పక్కింటి వంటింట్లో ఫోటో తీసేసరికి గూట్లో దీపం వెలుగుతున్నది. బొమ్మ బాగా వచ్చిందని మురిసిపోయింది కూడా. దీపాల వేళ దాటితే ఉప్పు చేతులు మారదని మిషన్ హాస్టల్లో ఆమెకు ఎవరు చెబుతారు? ఊరి పిల్లలకు అది పాలతో తాగిన సంగతి. తానేమో కష్టమైన చిక్కుముడి వేశాననుకుంది. వాళ్లకది ముడే కాదు, మూసేసిన దారి. తెలివిలేక కాదు, మర్యాద తెలిసి ఆగారు. ఆ పిల్లలను మొద్దులని మనసులో అనుకున్నందుకు సిగ్గేసింది.

"మరి ఎట్ల చెయ్యాలె, నువ్వే చెప్పు" అన్నది.

"పగటీలి ఫోటో పెట్టు. గప్పుడు అడుగుత."

మూట లోపలికి పోయింది. అప్పటినుంచి హెప్సిబా ఆట కట్టే తీరు మారింది. జవాబు ఊరిదే ఉండాలి, కానీ చూరులో తాళంచెవిలా ముందే తెలిసిపోకూడదు. ఒకచోట చిక్కుకున్న పిల్ల ఊరికే కూర్చోకుండా ఇంకోచోట వెతుక్కోవడానికి ఏదో ఒకటి ఉండాలి. అన్నిటికంటే బాగా కుదిరింది గొర్ల కాపరి తాత. పిల్లలు వరసగా తప్పులు నొక్కితే ఆయన వచ్చి ఏమీ మాట్లాడకుండా ఒక పక్కకు చూస్తాడు. ఆయన చూసిన వైపే జవాబుంటుంది. "తాత చూసిండు, తాత చూసిండు!" అని పిల్లలు గంతులేసేవారు. జమ్ములమ్మ మాత్రం తాత రాకముందే విప్పాలని పళ్లు బిగించి కూర్చునేది. ఆ శనివారం ఎవరూ పారిపోలేదు. తర్వాతి శనివారమూ అంతే.

అలవాటు పడ్డాక హెప్సిబాకు అత్యాశ పుట్టింది. నాలుగో భాగం చివర పాడుబడిన కొట్టానికి ఒక తలుపు పెట్టింది. పిల్లలు దగ్గరికి రాగానే లోపలినుంచి ఎవరో తలుపు కొడతారు, ఠక్ ఠక్ ఠక్. అంతే, ఆట ఆగిపోతుంది. పిల్లలు కెవ్వుమన్నారు. మేక తలుపు కొట్టదు కదా, మరి లోపల ఎవరు? వారమంతా అన్నాల దగ్గర అదే గోల. నిజం చెప్పాలంటే లోపల ఎవరో హెప్సిబాకే తెలియదు. ముందు తలుపు కొట్టించింది, తర్వాత చూసుకుందామనుకుంది.

ఆ వారం గడవకముందే, మధ్యాహ్నపు అన్నాల వేళ హన్మమ్మ వచ్చింది. చంకలో చంటివాడు, తలకు గట్టిగా కట్టిన గుడ్డ. మొహం ఇంకా పాలిపోయే ఉంది.

"లారీ రోడ్డు మీద ఆగింది పంతులమ్మా. సామాన్లు ఎక్కిస్తున్నరు. జర బిడ్డను తోలు."

జమ్ములమ్మ పోయి మూట తెచ్చుకుంది. తమ్ముణ్ని అందుకుని చంకనేసుకుంది. ఆ ఎత్తుకోవడంలో హెప్సిబాకు గట్టున కూర్చున్న తన చిన్నతనమే కనిపించింది. గేటు దాకా పోయిన పిల్ల వెనక్కి తిరిగి వచ్చింది.

"టీచర్, తలుపెనక ఎవలున్నరో చెప్పు. ఇని పోత."

చెప్పకపోతే పిల్ల ఆగుతుందేమోనని హెప్సిబాకు ఒక్క క్షణం అనిపించింది. వచ్చే శనివారం చూద్దువులే అని ఊరిస్తే చాలు. కానీ ఆ కళ్లలోకి చూస్తూ ఆ మాట అనలేకపోయింది.

"నాకే తెల్వదు జములూ. ఇంక చెయ్యలేదు."

పిల్ల ఉన్నచోటే కూలబడి బావురుమంది. లారీ అన్నప్పుడు రాని ఏడుపు, చదువు పోతున్నప్పుడు రాని ఏడుపు, ఇప్పుడు ఆగకుండా వచ్చింది. హన్మమ్మ హడలిపోయింది.

"ఏందే? ఏ తలుపు? తలుపు కోసం గిట్ల ఏడుస్తరా ఎవలన్న? ఏది, నాకు చూపియ్యు."

కంప్యూటర్ ముందు కుర్చీ మీద హన్మమ్మ అంచున కూర్చుంది, ఎవరైనా లేపుతారేమో అన్నట్టు. మౌస్ పట్టుకోవడం రాదు. జమ్ములమ్మ కళ్లు తుడుచుకుని తల్లి చేతిమీద చెయ్యి వేసింది. తాళంచెవి చూరులో దొరికింది. "మా ఇంట్ల లెక్కనే ఉన్నది" అని హన్మమ్మ నవ్వింది. ఉప్పు అడిగింది, తాతకు పెట్టింది. మూడో భాగంలో బావి దగ్గర చిక్కుకుంది. అటూ ఇటూ నొక్కుతుంటే జమ్ములమ్మ ఉండబట్టలేక నోరు తెరిచింది.

"ఆగవే! చెప్పకు. నేనే సూస్త" అని కసిరింది హన్మమ్మ.

ఇంతవరకు ఆమెను ఎవరూ ఆలోచించి చెప్పమని అడిగి ఉండరు. తవ్వమన్నారు, మొయ్యమన్నారు, లారీ ఎక్కమన్నారు. బావి చిక్కు విడగానే ఆమె ఒళ్లంతా నవ్వైంది. చంటివాడు హెప్సిబా ఒళ్లో నిద్రపోయాడు. రోడ్డు మీద లారీ హారన్ కొట్టడం మొదలుపెట్టింది. అప్పటికి తలుపు దాకా వచ్చారు. ఠక్ ఠక్ ఠక్.

హన్మమ్మ ఉలిక్కిపడింది. "ఎవలు పంతులమ్మా లోపల?"

"శనివారం తెరుస్త అక్కా."

"శనివారానికి నేను పుణెల ఉంట."

హారన్ మళ్లీ మోగింది. హన్మమ్మ ఆ మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, చంటివాణ్ని తీసుకుని, పైట సర్దుకుంది.

"లారీల లలితమ్మ ఉన్నది గద. పిల్లగాన్ని జర ఎత్తుకొమ్మని అడుగుత."

లలితమ్మ ఆమె ఆడబిడ్డ. పెళ్లి పందిట్లో ఏదో మాట మీద మొదలైన పంచాయితీ, ఇద్దరికీ మాటల్లేక ఏళ్లు గడిచాయి. ఆ మనిషిని అడగాల్సి వస్తుందనే హన్మమ్మ ఇన్నాళ్లూ పిల్లను వెంట తీసుకుపోతానని పట్టుబట్టింది.

"అత్తతోని మాట్లాడవు గద అమ్మా?"

"మాట్లాడ్త. నోరు పోయిందా నాకు?" అని కసిరి, కూతురు తల ఒకసారి నిమిరి, వెనక్కి చూడకుండా రోడ్డు వైపు నడిచింది. లారీ కదిలి పోయేదాకా జమ్ములమ్మ గోడమీదే ఉంది.

ఆ శనివారం తలుపు తెరుచుకుంది. లోపల ఉన్నది మేకే. నేలమీద దానికి పుట్టిన పిల్ల ఉంది. బయటికి రాలేక మేక కొమ్ములతో తలుపును పొడుస్తున్నది, ఆ చప్పుడే అది. "ఇంతేనా!" అని పిల్లలు మూలిగి, నవ్వి, మేకపిల్ల బొమ్మ మీద పదే పదే నొక్కుతూ ఉండిపోయారు. సరిగ్గా అప్పుడే హెప్సిబా ఫోను మోగింది. పుణె నుంచి హన్మమ్మ, మేస్త్రి ఫోనులోంచి. చుట్టూ మనుషుల గోల, చంటివాడి ఏడుపు, "నా దగ్గరియ్యు వాణ్ని" అంటూ ఇంకో ఆడమనిషి గొంతు.

జమ్ములమ్మ ఫోను అందుకుంది.

"తిన్నవా బిడ్డా? తలుపు తెరిసిన్రా?"

"తెరిసినం."

"ఎవలున్నరే లోపల?"

జమ్ములమ్మ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. మిగతా పిల్లలు అరిచి చెప్పేస్తారని ఫోను చెవికి అదుముకుని గోడ వైపు తిరిగింది.

"చెప్ప. నువ్వచ్చినంక చూపిస్త."

అవతల హన్మమ్మ నవ్వింది, బతిమాలింది, జర చెప్పు బిడ్డా అన్నది. హెప్సిబా పిల్ల వీపు వైపు చూస్తూ నిలబడింది. ఈ విద్య ఆ పిల్లకు నేర్పింది తానే. శనివారం దాకా పిల్లలను ఆపడానికి తాను వాడిన పగ్గాన్ని, పుణె దాకా పోయిన తల్లిని వెనక్కి లాగడానికి ఇప్పుడు ఆ పిల్ల రెండు చేతులా పట్టుకుంది.

"చెప్ప" అన్నది జమ్ములమ్మ మళ్లీ. "ముందు నువ్వు రా."