పోగు ముడి పడని రోజు

పర్వత్ పాటియాలో వలస వచ్చిన మా తెలుగు నేతవాళ్లు నా మాటల్లో సగం తీసేసి మిగతా సగం నమ్ముతారు. అందుకే ముందే మగ్గం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. కాదంటే మగ్గంలో పోగు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నా నాడె నడిమికి విరిగిపోవాలి.

ఆ ఉదయం సాంచా మీద ఒక పోగు తెగింది. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. తెగిన పోగును ముడివేయడం నాకు కళ్లు మూసుకుని చేసే పని. ఆ రోజు ముడి పడలేదు. మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ జారిపోయింది. నిద్ర లేచినప్పటి నుంచి దవడల్లో నొప్పి. ఛాతీ మీద నూలు బస్తా పెట్టినంత బరువు.

కారణం నాకు తెలుసు. పాత సాంచాలన్నీ తుక్కుకు పంపి కొత్త మిషన్లు తెస్తానని మా కార్ఖానా సేటు చెప్పాడు. వాటికి కొద్దిమంది చాలు. ఆ కొద్దిమందిలో నేనుంటానా? ఇంట్లో నా భార్య సుగుణకు మాత్రం, "సేటు నన్నే మేస్త్రీని చేస్తడట" అని చెప్పుకున్నాను.

బరువు తగ్గకపోవడంతో సుగుణే ఆసుపత్రికి లాక్కెళ్లింది. ఈసీజీ తీశారు. బీపీ ఎక్కువగా ఉందన్నారు. డాక్టరమ్మ హిందీలో అడిగింది.

"టెన్షన్ ఏమైనా ఉందా?"

"నన్ను చూస్తే టెన్షన్‌కే టెన్షన్ మేడమ్."

ఆమె నవ్వలేదు. "నిద్ర?"

"ఇల్లు కూలినా లేవను."

సుగుణ తెలుగులో అందుకుంది. "ఏందయ్యా గీ అబద్ధాలు? రాత్రంతా పండ్లు పటపట కొరుకుతవు గద!" అదే ముక్క వచ్చీరాని హిందీలో డాక్టరమ్మకూ చెప్పింది.

"ఈసీజీ నార్మల్. కానీ బీపీ మాత్ర మానొద్దు. టీ, తంబాకు తగ్గించండి. మళ్లీ రండి" అంది డాక్టరమ్మ. నేను 'నార్మల్' ఒక్కటే పట్టుకుని మిగతావన్నీ అక్కడే వదిలేసి వచ్చాను.

సాంచాల మోతలో ఎవరి మాటా వినపడదు. అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. నా కథలు కూడా సైగలే. ఈసీజీని ఒక ఆట చేశాను. నా గుండె బలానికి మిషన్ పొగలు కక్కుతుంది. నేను ఛాతీ పట్టుకుని మోకాళ్ల మీద పడతాను. అందరూ అయిపోయాడనుకునేసరికి లేచి మీసం తిప్పుతాను. పక్క సాంచాల మీద పనిచేసే నర్సయ్య నాకంటే చిన్నవాడు. ఆ ఆట మళ్లీ చూపించమని రోజూ సతాయించేవాడు.

ఒకరోజు తుక్కు కొనేవాడు వచ్చాడు. నా సాంచా మీద సుద్దతో గుర్తు పెట్టి వెళ్లాడు. కాసేపటికి నా ఛాతీ బిగుసుకుపోయింది. గాలి అందడం లేదు. చేతులు తిమ్మిరెక్కాయి. ఛాతీ పట్టుకుని, తల ఎత్తకుండానే నర్సయ్య వైపు చెయ్యి చాపాను. కంటి చివర అతని చేతులు కనిపించాయి. చప్పట్లు కొడుతున్నాయి. మోకాళ్ల మీద పడ్డాను. అదీ ఆటలో ఉన్నదే. అరిచాను. మోత మింగేసింది. నేను చచ్చిపోతున్నాను, వాళ్లేమో ఇక మీసం తిప్పుతాడని ఎదురుచూస్తున్నారు.

అప్పుడు సాంచాలన్నీ వాటంతట అవే ఆగిపోయాయి. ఇన్నేళ్లు నా చేతి నూనె తాగినవి కదా, నా అవస్థ చూడలేకపోయాయి. ఆ నిశ్శబ్దంలో నా గొంతు బయటికొచ్చింది.

"ఆట కాదురా నర్సిగా! నిజంగనే!"

"అయ్యో సత్తన్నా!" అంటూ ఆటోలో ఎక్కించాడు.

మళ్లీ ఈసీజీ, రక్త పరీక్షలు. సుగుణ పరుగున వచ్చింది. రిపోర్టులు చూసి డాక్టరమ్మ, "గుండెకు ఏం కాలేదు. ఇది ప్యానిక్ అటాక్" అంది.

"అంటే ఉత్తదేనా మేడమ్?"

"నొప్పి నిజమే. దవడ, నిద్ర, బీపీ, అన్నీ స్ట్రెస్ సంగతి ముందునుంచే చెబుతున్నాయి. మీరే చెప్పడం లేదు. దేనికి భయపడుతున్నారు?"

ఒక కథ కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. "సాంచాలు తుక్కుకు పోతున్నయి. నన్ను తీసేస్తరు" అన్నాను.

సుగుణ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గింతేనా? ఉలుకు పలుకు లేకుంట తిరుగుతుంటే ఇంకెవతన్న దొరికిందేమో అనుకున్న. నీ మొఖానికి ఎవతి దొరుకుతది, నాదే తప్పు!"

బీపీ మాత్ర వేసుకున్నాను, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్చుకున్నాను. తంబాకు మానిన కొత్తలో ఇంట్లో గిన్నెలతో కూడా కొట్లాడాను. సచిన్ అనే ఊరికి వెళ్లే బస్సులో ఒకసారి ఛాతీ మళ్లీ బిగుసుకుంటే దిగిపోయి, సుగుణకు ఫోన్ చేసి, నేరుగా ఆసుపత్రికే వెళ్లాను.

సాంచాలు పోయాయి. కొత్త మిషన్ల మీద నన్ను తీసుకోలేదు. ఇప్పుడు సలాబత్‌పురాలో బట్టలో లోపాలు చూసి మడతపెట్టే పని. నిద్ర పడుతోంది. దవడల నొప్పి లేదు.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు, మీ అబద్ధాన్ని అక్కడికక్కడే పట్టుకునే మనిషిని వెంట తీసుకెళ్లండి.

ఇక ఆ ప్రమాణం. ఒక్కచోట తప్పాను. సాంచాలు వాటంతట అవి ఆగలేదు. నర్సయ్య పరుగెత్తి మెయిన్ స్విచ్ దించేశాడు. అలా ఆపితే ప్రతి సాంచా మీదా బట్టలో అడ్డంగా గీత పడుతుంది. ఆపినవాడి సంగతి సేటు చూస్తాడు. అది తెలిసే దించాడు.

ఆటేనని చప్పట్లు కొట్టినవాడికి నిజమని ఎలా తెలిసిందో తర్వాత అడిగాను.

"ఆట ఆడేటప్పుడు మేం నవ్వుతున్నమా లేదా అని జర జరకు మా దిక్కు చూస్తవన్నా" అన్నాడు. "ఆ దినం చూడలే."