పత్తి కుప్పలో తాత చెయ్యి

"తాత పోయిండు బిడ్డా. మిల్లు బంద్ చేసి రా" అని నాన్న ఫోన్ చేసేసరికి, వర్ధన్నపేట నుంచి వచ్చిన పత్తి దింపిస్తున్నాను. వానకు కొంచెం తడిసిన పత్తి. ఏడుపు కన్నా ముందు నాకు భయం వేసింది, ఇక మా వాళ్లు ఒక్కటిగా ఉంటారా అని. పదకొండో రోజు కూడా గడిచిపోయింది. భయం మాత్రం పోలేదు.

మా ముత్తాత వరంగల్‌లో పెట్టింది పత్తి నుంచి గింజ తీసే ఒక్క జిన్నింగు మిల్లు. తాత హయాంలో దానికి నూనె మిల్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీ, విత్తనాల కంపెనీ తోడయ్యాయి. ఇప్పుడు బోర్డు మీద "గ్రూప్" అని ఉంటుంది. పెదనాన్న, నాన్న, బాబాయి తలా ఒకటి చూసుకుంటారు, మిల్లు నాకు అప్పగించారు. పెత్తనం మాత్రం చివరిదాకా తాతదే.

మార్కెట్ వైపు తిరిగే వాళ్లు ఆయన్ని చూసే ఉంటారు, కుడి చొక్కా చెయ్యి ఎప్పుడూ భుజం దాకా మడిచి ఉండేది. పొద్దున్నే గోదాంకొచ్చి ప్రతి కుప్పలోనూ ఆ చెయ్యి దూర్చేవాడు. తడి పత్తి కలిస్తే కుప్ప పైకి చల్లగానే ఉంటుంది, లోపల వేడెక్కుతుంది. తేమా వేడీ కొలిచే మిషన్ తెప్పిస్తానంటే, "తెప్పియ్, నా చెయ్యి నాకుంటది" అన్నాడు. తల నిండా దూదితో ఇంటికొస్తే నాన్నమ్మ గుమ్మంలోనే ఆపేది.

"సగం మిల్లు నెత్తి మీదనే తెస్తరా?"

ఒకసారి కోల్డ్ స్టోరేజీ పెంచుదామని బాబాయి, వద్దని పెదనాన్న భోజనాల దగ్గర గొంతులు చించుకున్నారు. తాత తాపీగా పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

"ఆపు తాతా, కొట్టుకునేటట్టున్నరు!"

"అరుసుకోనీ బిడ్డా. మర్యాదగ మాట్లాడుకున్న నాడు చెప్పు, అప్పుడు ఫికర్ పడ్త."

అలాంటి రోజులూ వచ్చాయి. అప్పుడు ముగ్గురినీ గోదాంలోకి పిలిచి తలుపేసి, "కడుపుల ఉన్నది కక్కుండ్రి" అనేవాడు. బయటికి కేకలు వినిపించేవి. కాసేపటికి నలుగురూ చాయ్ తాగుతూ కనిపించేవారు. ఆ ఇంట్లో నేను నిశ్చింతగా పెరిగానంటే అది ఆయన చలవే.

పదకొండో రోజు భోజనాలయ్యాక అందరం కూర్చున్నాం.

"నీ ఇష్టమన్నా" అన్నాడు బాబాయి.

"లేదురా, నీకెట్ల మంచిగుంటె అట్లనే" అన్నాడు పెదనాన్న.

నాన్న నవ్వుతూ తలూపాడు. ఎవరి వాటా వాళ్లకు రాయడానికి వచ్చే వారం వకీలు వస్తాడట. ఎంత ఒద్దికో అని చుట్టాలు మెచ్చుకుంటుంటే, ఈ మర్యాద సంగతి ఇక ఎవరికి చెప్పాలా అనుకున్నాను.

నిన్న గోదాం తెరిచాను. తాత పోయిన రోజు దింపించిన కుప్ప అలాగే ఉంది. చెయ్యి దూర్చాను. తాతంత పొడుగు చెయ్యి కాదు నాది. చెంప పత్తికి ఆనేదాకా తోస్తే వేలి కొసలకు వెచ్చగా తగిలింది. మామూలుగా అయితే హమాలీలను పిలిచి కుప్ప తిరగేయించాలి. నేను ముగ్గురికీ ఫోన్ చేశాను.

"పత్తి ఎచ్చగైంది. జల్ది రండ్రి."

వచ్చారు. ఎడంగా నిలబడ్డారు. పెదనాన్న కుడి చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి కుప్పలోకి వంగాడు. ఆయన్ని చూసి నాన్న, ఆ వెనకే బాబాయి.

నేను బయటికొచ్చి తలుపేశాను. కేకలు వినిపిస్తాయేమోనని, తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను.