సాన పట్టిన స్కౌటు చాకు

2014 మే పదకొండో తేదీ, ఆదివారం. ఉదయం తొమ్మిదికే గుంటూరులో వడగాడ్పు మొదలైంది. నల్లపాడులో ఇమాం హుస్సేన్ ఇంటి ముందు నులకమంచం మీద కొత్త దుప్పటి పరచి ఉంది.

హుస్సేన్ సైకిలుకు బిగించిన సానరాయితో ఊళ్లు తిరిగి, కత్తులకూ కత్తెరలకూ పదును పెట్టి బ్రతికినవాడు. చదువు పదో తరగతితో ఆగినా, బడిలో స్కౌటుగా గెలుచుకున్న చాకు మాత్రం ఈమధ్య దాకా ఆయన జేబు విడవలేదు. (చాకు అన్యదేశ్యమే. మడిచి పెట్టుకొనే ఈ పనిముట్టుకు తగిన అచ్చతెలుగు మాట నాకింతవరకు తట్టలేదు. తట్టినవారు తెలిపితే సంతోషిస్తాను.) కొమ్ము పిడిలో కోతకు రెండు అలుగులు, డబ్బా మూత తెరిచే కొక్కెం, తోలుకు బెజ్జం వేసే మొన, స్క్రూడ్రైవరు అన్నీ ఒదిగి ఉంటాయి. తెరిచినప్పుడు టక్కుమనే ఆ చప్పుడు వింటే ముసలివాడికి కూడా అడవిలో గుడారం వేయాలనిపిస్తుంది. ఇటువంటివి ఇప్పుడూ తయారవుతున్నాయి గాని, మోజుపడేవారు పాతవాటికోసమే వెతుకుతారు.

నా పూర్వవిద్యార్థి నాగచైతన్య అలా వెతికేవాడే. తాడేపల్లిలో అతని ఇంట గాజు బీరువా నిండా అవే. తన చాకు కూడా ఆ బీరువాలో చేరాలన్నది హుస్సేన్ కోరిక. డబ్బు వద్దన్నాడు.

"మావాళ్లు దాంతో మిరప బస్తాల పురికొస కోస్తున్నారు మాస్టారూ. నేను పోతే చెత్తలో ఏస్తారు. ఇలువ తెలిసినోడి దగ్గరుండాలి."

నేను చెప్పగానే చైతన్య వచ్చాడు. హుస్సేన్ చేతిరుమాలు విప్పాడు. చాకు అద్దంలా తళతళలాడింది.

"చూడు బాబూ! ఎంట్రుకను కోసుద్ది."

చైతన్య భూతద్దంతో అలుగు మొదలును చూశాడు. "తాతగారూ, ఇక్కడ కంపెనీ ముద్ర ఉండాలే?"

"ఆ గీతలా? తుప్పులో కలిసిపోయి గలీజుగా ఉంటే మొత్తం లేపేశా. రెండు రోజులు పట్టింది."

"అయ్యయ్యో! ఆ ముద్రా, ఆ నలుపే కదండీ దీని వయసు!"

"ఇంటికొచ్చినోళ్లకి తోమని పళ్లెంలో అన్నం పెడతామా ఏంటి బాబూ?" అంది గుమ్మంలోంచి ఆయన భార్య కరీమున్.

"పోనీ, ఓ మూలనైనా పెట్టుకో బాబూ," అన్నాడు హుస్సేన్.

"నకిలీవి ఇలాగే మెరుస్తాయండి. ఇది పెడితే పక్కవాటినీ అనుమానిస్తారు."

చాకును దుప్పటి మీద ఉంచి, కరీమున్ తెచ్చిన షర్బతు ముట్టకుండానే చైతన్య వెళ్లాడు. హుస్సేన్ దానిని చాలాసేపు తాకలేదు.

ఏడేళ్ల తరువాత, ప్రత్తిపాడులోని కూతురింటి నుంచి హుస్సేన్ రాసిన ఉత్తరం ఇది. నేను ఒక్క అక్షరం దిద్దలేదు, దిద్దవలసినదీ లేదు.

"మాస్టారుగారికి నమస్కారాలు. సానబండి ఇంకా తిప్పుతున్నాను. ఎవరైనా పాత చాకు తెస్తే ముందు ముద్ర వెతుకుతాను. ఉంటే రాయికి ఆనించకుండా తిప్పి పంపేస్తాను. ముసలోడు పని మరిచిపోయాడని నవ్వుకుంటున్నారు. నిన్న ఒకాయన కోపంతో ఎమరీ కాగితం కొనుక్కొచ్చి, నా ముందే కూర్చొని చాకు రుద్దుకున్నాడు. చెప్పి చూశాను, వినలేదు. చాలా బాగా మెరిసింది. ఇట్లు, ఇమాం హుస్సేన్."