ఖాళీ గిన్నెతో నడక

నేను కోడలిగా అడుగుపెట్టిన రోజుల్లో, అంటే డెబ్బైలలో, ధర్మవరం మగ్గాల వీధిలో పని లేకుండా నడిచే ఆడమనిషి కనిపించేది కాదు. నడిస్తే చేతిలో దారం చుట్టిన కండెల బుట్టో నీళ్ళ బిందో ఉండాలి. లేకపోతే ఇంట్లో అలిగి బయలుదేరిందని అర్థం. హిందూపురంలో పెరిగిన నాకు ఇదంతా కొత్త. మొదటి కడుపు మూడో నెలలో పోయింది. రెండోసారి నిలవగానే మా అత్త నన్ను మగ్గం గుంతలోకి దిగనివ్వలేదు, బిందె ముట్టనివ్వలేదు, చివరికి మంచం కూడా దిగనివ్వలేదు (తుమ్మొచ్చినా మెల్లగా తుమ్మమనేది). ఐదో నెల వచ్చేసరికి నాకు కాళ్ళున్న సంగతే మరిచిపోయాను.

అత్త పరీక్షకు తీసుకెళితే, ఆసుపత్రిలో నర్సమ్మ నన్ను చూసి నవ్వింది. "ఏమ్మా, కోడల్ని జాడీలో ఊరేసినావా? అంతా బాగుండాది. ఎండ లేనప్పుడు రెండుపూటలా నడిపించు. బరువులొద్దు. మాట్లాడలేనంత ఆయాసమొస్తే కూచోవాల. నొప్పొచ్చినా, రక్తం కనబడినా నా దగ్గరికి రావాల" అని అత్తకు చెప్పింది.

దారంతా అత్త గొణుగుడే. "ఒట్టిచేతులతో యాడికని నడుస్తావే? ఎవురన్నా అడిగితే ఏం చెప్పల్ల?" మరునాడు తనే ఉపాయం కనిపెట్టి ఒక ఖాళీ ఇత్తడి గిన్నె నా చేతికిచ్చింది. బరువూ ఉండదు, పనిమీద పోతున్నట్టూ ఉంటుంది. పదడుగులు వేశానో లేదో, ఎదురింటావిడ నా గిన్నె చూసింది, నా కడుపు చూసింది. "నోరు కోరింది అడగల్ల మే, సిగ్గెందుకు" అంటూ పిడికెడు బెల్లం వేసింది. ఆ పక్కింట్లో బొరుగుల ఉగ్గాని, ఆపైన చింతకాయ తొక్కు, వేయించిన వేరుశనగ బుడ్డలు. కాదనడం నాకు చేతకాలేదు (నిజం చెప్పాలంటే కాదనాలనీ లేదు). తిరిగొచ్చేసరికి గిన్నెను రెండు చేతులా మోయాల్సి వచ్చింది.

అత్త అందులోకి తొంగిచూసి నెత్తి పట్టుకుంది. "అత్త కూడు పెట్టలేదని వీధంతా చాటించి వస్తివి గదే."

"నేనేం అడగలేదత్తా, వాళ్ళే వేసిరి" అన్నాను, బెల్లం బుగ్గన పెట్టుకుని.

మర్నాటి నుంచి రాట్నం పక్కనపెట్టి తనే నాతో బయలుదేరింది. ఇద్దరివీ ఒట్టిచేతులే. "యాడికి పోతాండారు?" అని ఎవరన్నా అడిగితే, "యాడికీ లేదు, నడుస్తాండాం" అని తప్పు చేసినదానిలా తల వంచుకుని చెప్పేది. నా నడుము వెనక చెయ్యి మాత్రం తీసేది కాదు. నెల గడిచింది. బిడ్డ కదలిక ఇంకా తెలియలేదని ఇద్దరికీ లోపల భయమే. పైకి ఎవరమూ అనలేదు.

ఒక పొద్దున వీధి చివర నాకు ఆయాసమొచ్చి ఒక అరుగుమీద కూర్చున్నాను. కూర్చోగానే లోపల ఏదో తట్టినట్టై చటుక్కున కడుపు పట్టుకున్నాను. అత్త మొహంలో నెత్తురు లేదు. "నొప్పా? చెప్పే తల్లీ" అంది. ఆమె చెయ్యి లాగి కడుపుమీద ఉంచాను.

మళ్ళీ తన్నింది. ఆరుగురిని కన్న మనిషి, ఇలాంటిది లోకంలో ఇదే మొదటిసారి జరుగుతున్నట్టు, నోరు కొద్దిగా తెరుచుకుని తన చేతినే చూస్తూ నిలబడిపోయింది. ఆపైన కళ్ళు తుడుచుకుని అంది: "నడక ఆపినామని కోపమొచ్చినట్టుండాది. లే, పోదాం."

పంతొమ్మిదేళ్ళదాన్ని. నమ్మేశాను. "ఆయాసం తగ్గనీ నాయనా, ఇప్పుడే లేస్తా" అని కడుపుతో గుసగుసగా బతిమాలుకున్నాను.